పాత వ్యాపార కేంద్రంలో లాఫ్ట్ ఫ్లాట్ కొంటున్నారా? గది కంటే ముందు భవనాన్ని చూడండి

పద్నాలుగు అడుగుల ఎత్తు సీలింగ్, గోడంత కిటికీలు, పూత పూయని ఎర్రటి ఇటుక, మధ్యలో అడ్డుగోడ ఒక్కటీ లేని హాలు. నగరం నడిబొడ్డున ఒకప్పటి గోదామునో, బట్టల ఫ్యాక్టరీనో, బ్యాంకు ఆఫీసునో ఇళ్లుగా మార్చి, ‘లాఫ్ట్’ అనే పేరుతో అమ్ముతుంటే ఆ ఫోటోలు చూసి మనసు లాగుతుంది. అందులో తప్పేమీ లేదు. ఆ ఎత్తు, ఆ వెలుతురు అలంకారం కోసం పెట్టినవి కావు. కరెంటు దీపాలు లేని రోజుల్లో పనివాళ్లకు చేతిలోని పని కనబడాలని కిటికీలు అంత పెద్దవి పెట్టారు. సరుకు పేర్చడానికి, యంత్రాలు తిప్పే బెల్టులు పైన నడవడానికి కప్పు అంత ఎత్తున వేశారు. కొత్తగా కట్టే ఫ్లాట్లలో ఇవి ఇంత ధారాళంగా దొరకడం అరుదు.

అయితే ఇలాంటి ఇల్లు చూసేవాళ్లు చాలామంది వరస తప్పుతారు. ముందు కిచెన్ చూస్తారు, తర్వాత బాత్రూమ్ టైల్స్ చూస్తారు, భవనం సంగతి అడ్వాన్సు ఇచ్చాక గుర్తొస్తుంది. కిచెన్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. దూలాలు, బయటి గోడ, కాగితాల్లో రాసి ఉన్న వాడకం, కింది అంతస్తులోని వ్యాపారం మీ ఒక్కరి చేతిలో ఉండవు. అందుకే మార్చలేనివి ముందు, మార్చుకోగలిగినవి తర్వాత చూడాలి. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

1. అక్కడ కాపురం ఉండొచ్చని కాగితం చెబుతోందా?

న్యూయార్క్‌లోని సోహో చరిత్ర తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకు మొదటిదో అర్థమవుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడి చిన్న ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, లేదా వేరే చోట్లకు వెళ్లిపోయాయి. ఖాళీ అంతస్తుల్లో పెద్ద పెద్ద బొమ్మలు వేసే చిత్రకారులు, శిల్పులు తక్కువ అద్దెకు చేరారు. కాగితాల ప్రకారం అవి ఇళ్లు కావు. 1971లో నగర ప్రభుత్వం నియమాలు మార్చి, కళాకారులుగా ధ్రువీకరణ ఉన్నవాళ్లు మాత్రం అక్కడ ఉండొచ్చంది. ఆ షరతు దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. ఇంకా ఎన్నో భవనాల్లో చట్టవిరుద్ధంగానే ఉంటున్నవాళ్లకు రక్షణ కల్పించడానికి 1982లో రాష్ట్రం ప్రత్యేకంగా లాఫ్ట్ చట్టం తేవాల్సి వచ్చింది. లాస్ ఏంజిలెస్ తన పాత డౌన్‌టౌన్ ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చడానికి వీలుగా 1999లో వేరే ఆర్డినెన్సు చేసుకుంది.

అంటే ఎవరో ఒకరు అక్కడ ఏళ్ల తరబడి కాపురం ఉన్నంత మాత్రాన అది ఇల్లు అయిపోదు. అందుకే భవనాన్ని దేనికి వాడొచ్చో చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. మీరు కొనే అంతస్తుకు, మీరు కొనే యూనిట్‌కు ఎదురుగా ‘నివాసం’ అని ఉందో, ‘వాణిజ్యం’ అని ఉందో, ‘పని చేసుకుంటూ ఉండేందుకు’ అని షరతుతో ఉందో మీ కళ్లతో చదవండి. బ్రోకర్ నోటిమాట సరిపోదు. వాణిజ్యం అని ఉంటే ఇంటి లోను రాకపోవచ్చు, ఇన్సూరెన్సు క్లెయిమ్ తిరస్కరించవచ్చు, మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు దొరకడం కష్టమవుతుంది.

తర్వాత అనుమతి పొందిన ప్లాను తెప్పించుకుని, చేతిలో పట్టుకుని ఫ్లాటులో తిరగండి. లాఫ్ట్‌లలో ఎక్కువగా తేడా వచ్చేది మెజనైన్ దగ్గర. ఎత్తు ఉంది కదా అని మధ్యలో చెక్కతోనో ఇనుముతోనో ఇంకో అంతస్తు లేపి, దాన్ని బెడ్‌రూమ్ అని అమ్ముతుంటారు. చాలా చోట్ల ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మామూలుగా మెజనైన్ విస్తీర్ణం, అది ఉన్న గదిలో మూడో వంతు దాటకూడదు. దాని కిందా పైనా కనీసం 7 అడుగుల ఎత్తు ఉండాలి. ప్లానులో లేని మెజనైన్ కనబడితే దాన్ని ధరలోంచి తీసేసి లెక్కవేయండి. దాన్ని తొలగించమని నోటీసు వస్తే ఆ ఖర్చు మీదే అవుతుంది.

భవనం హెరిటేజ్ జాబితాలో ఉంటే ఇంకో జాగ్రత్త. ఇంగ్లండ్‌లో రక్షిత జాబితాలోని భవనానికి అనుమతి లేకుండా దాని స్వరూపం మారేలా మార్పులు చేయడం నేరం. పాత యజమాని కిటికీలు మార్చినా, సరిచేయమనే నోటీసు ఇప్పటి యజమానికి రావచ్చు. దానికి కాలపరిమితి కూడా లేదు. మీరు కొనే ఊళ్లో చట్టం ఎలా ఉందో లాయర్ చెబుతారు. మీ వంతుగా కొత్తగా కనిపించే ప్రతి కిటికీకి, కూల్చిన ప్రతి గోడకు, లోపలి ప్రతి కొత్త మెట్లకు అనుమతి పత్రం ఎక్కడుందని అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి.

2. ఇక్కడ ఒకప్పుడు ఏం తయారు చేసేవారు?

ఈ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదటి ప్రశ్నతో సమానమైనది ఇదే.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని హోబోకెన్‌లో గ్రాండ్ స్ట్రీట్ మీద ఒక పాత ఫ్యాక్టరీ ఉండేది. అందులో ఒకప్పుడు పాదరసం ఆవిరి దీపాలు తయారయ్యేవి. 1990లలో కొందరు కళాకారులు కలిసి ఆ భవనం కొని, లాఫ్ట్‌లుగా మార్చుకుని పిల్లాపాపలతో కాపురం పెట్టారు. మరమ్మతులు చేస్తుంటే నేల చెక్కల సందుల్లో పాదరసం బొట్లు కనబడ్డాయి. పరీక్షిస్తే గాలిలోనూ, అక్కడ ఉంటున్నవాళ్ల ఒంట్లోనూ పాదరసం ఉందని తేలింది. 1996 మొదట్లో అందరినీ ఖాళీ చేయించారు. కేంద్ర పర్యావరణ సంస్థ దాన్ని కలుషిత స్థలాల జాబితాలో చేర్చింది, చివరికి భవనాన్నే కూల్చేశారు. ఆ కుటుంబాలు బయటకు కనబడే లోపాన్ని చూసీచూడనట్టు వదిలేయలేదు. నేల లోపల ఇంకినది మామూలుగా చూస్తే తెలిసేది కాదు.

కాబట్టి భవనం పాత చరిత్ర తవ్వండి. మునిసిపల్ రికార్డులు, ఏ భవనాన్ని దేనికి వాడేవారో చూపే పాత ఇన్సూరెన్సు మ్యాపులు, లింకు డాక్యుమెంట్లలోని పాత యజమానుల పేర్లు, గోడ మీద సగం చెరిగిన వ్యాపార ప్రకటనలు కూడా పనికొస్తాయి. టీ గోదాము, కాగితం గోదాము లాంటివైతే మామూలుగా భయం తక్కువ. అద్దకం, లోహాలకు పూతలు వేయడం, తోళ్ల శుద్ధి, ప్రింటింగ్, థర్మామీటర్లు, బ్యాటరీలు, డ్రైక్లీనింగ్ లాంటివి జరిగి ఉంటే పర్యావరణ పరీక్ష చేయించకుండా ముందుకు వెళ్లొద్దు. నేల పరీక్షతో ఆగకుండా గదిలోని గాలిని కూడా పరీక్షించమని అడగండి.

పాత పెయింటులో సీసం, పాత పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం దాదాపు ప్రతి పాత భవనంలో ఉంటుంది. ఇళ్లకు వేసే సీసం పెయింటును అమెరికా నిషేధించింది 1978లో. బ్రిటన్ ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకు ముందు వాడినవి చాలా భవనాల్లో అలాగే ఉన్నాయి. కదిలించనంత కాలం వాటి ప్రమాదం తక్కువ. ఇటుక బయటపడాలని గోడ గీకించడం, దూలాల పాత పెయింటు పోవడానికి గాలితో ఇసుక కొట్టించడం మొదలుపెడితే అదంతా దుమ్మై ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గీకించే ముందే చిన్న ముక్క ల్యాబుకు పంపించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు.

3. లోపలికి వెళ్లకముందు చుట్టూ తిరగండి

బ్రోకర్ లేకుండా ఒకసారి మీరే వెళ్లండి. వీధి అవతలి పక్క నుంచి గోడను కింది నుంచి పైదాకా చూడండి. పొట్ట ఉబ్బిన చోటు, కిటికీ పైన మెట్లు మెట్లుగా వెళ్లే పగులు, వర్షపు గొట్టం వెనక పచ్చగా పట్టిన నాచు, పెచ్చులు కింద పడకుండా కట్టి ఏళ్లుగా తీయకుండా వదిలేసిన వలలు కనిపిస్తే రాసుకోండి.

ఆ తర్వాత దగ్గరికి వెళ్లి ఇటుకల మధ్య కీలును తాళంచెవితో మెల్లగా గీసి చూడండి. అది మెత్తగా, తెల్లటి పొడిలా రాలితే సున్నం. బూడిదరంగులో రాయిలా ఉండి గీత కూడా పడకపోతే తర్వాత ఎవరో కూరిన సిమెంటు అయ్యుండొచ్చు. గట్టిగా ఉండటం మంచిదే కదా అనిపిస్తుంది. పాత ఇటుక విషయంలో కాదు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో. అది గోడల కీళ్లలోకి అంతటా వచ్చేసరికి చాలాకాలం పట్టింది. అంతకు ముందు మెత్తటి ఇటుకను మెత్తటి సున్నంతోనే పేర్చేవారు. గోడలో చేరిన చెమ్మ ఆ సున్నపు కీలు గుండా ఆరిపోయేది. కీలులో సిమెంటు కూరితే చెమ్మకు అటు దారి మూసుకుపోయి ఇటుకలోంచే బయటకు రావాల్సి వస్తుంది. దాంతో ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. కీలు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి, దాని మధ్య ఇటుక లోపలికి తినేసినట్టు గుంటపడి ఉంటే అదే ఈ జబ్బు. ఒకటి రెండు చోట్ల అయితే సరిచేసుకోవచ్చు. గోడంతా అలా ఉంటే పెద్ద ఖర్చు రాబోతోందని, అందులో మీ వాటా కూడా ఉంటుందని లెక్కవేసుకోండి.

1979లో న్యూయార్క్‌లో ఒక భవనం నుంచి ఊడిపడ్డ ముక్క తగిలి రోడ్డు మీద వెళ్తున్న కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడాదే ఆరు అంతస్తులు దాటిన భవనాల ముందుభాగాలను ఐదేళ్లకోసారి తనిఖీ చేయించాలని ఆ నగరం చట్టం చేసింది. మీ ఊళ్లో అలాంటి నియమం ఉంటే ఆఖరి తనిఖీ నివేదిక అడగండి. లేకపోతే ఎప్పుడు చూపించారు, ఎవరికి చూపించారు అని అసోసియేషన్‌ను అడగండి.

4. భవనం దేనిమీద నిలబడింది?

ఈ పనికి స్ట్రక్చరల్ ఇంజనీర్ కావాలి. కొత్త టవర్లు మాత్రమే చూసిన ఇంజనీర్ కాకుండా పాత భవనాల మీద పనిచేసినవాళ్లను వెతకండి. మీరు కూడా ఏం అడగాలో తెలుసుకుని వెళ్తే మంచిది.

లావుపాటి చెక్క దూలాలైతే, మంటల్లో అవి మనం అనుకునేంత బలహీనం కావు. పైపొర బొగ్గై లోపలి చెక్కను కాపాడుతుంది. ఆ కాలడం గంటకు సుమారు 40 మిల్లీమీటర్లు. అసలు సమస్య దూలం చివర, అది ఇటుక గోడలోకి దూరే చోట ఉంటుంది. గోడలోని చెమ్మ తాగి ఆ చివర లోపల కుళ్లుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఇంజనీర్ సన్నటి కంబితో గుచ్చి, తేమ కొలిచే మీటరు పెట్టి చూడాల్సింది అక్కడే. ఆ చోటును కొత్తగా జిప్సం బోర్డుతో మూసేసి ఉంటే, ఒక్కచోటైనా తెరిచి చూపించమని అడగండి.

పోత ఇనుప స్తంభాలు లాఫ్ట్‌లకు అందం. బరువును మోయడంలో గట్టివి, పక్కకు లాగే బలానికి, వంగడానికి ఓర్వవు. బాగా వేడెక్కినప్పుడు చల్లటి నీళ్లు పడితే పగలొచ్చు. వాటికి రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం ఎవరుపడితే వాళ్లు చేసే పని కాదు. టీవీ తగిలించడానికి ఎవరైనా డ్రిల్లు చేశారేమో చూడండి. తర్వాతి కాలపు భవనాల్లో ఉక్కు ఫ్రేము ఉంటుంది. 600 డిగ్రీల వేడికి ఉక్కు బలం సగం కంటే తక్కువకు పడిపోతుంది. అందుకే మంటల వేడి తగలకుండా దానికి వేసిన కవచం (ఫైర్ ప్రూఫింగ్) ఊడకుండా ఉందో లేదో ముఖ్యం. అందంగా ఉంటుందని ఆ కవచం తొలగించి బీములు బయటపెట్టారేమో అడగండి. తొలికాలపు కాంక్రీటైతే తుప్పు మరకలు, లోపలి కడ్డీ వెంబడి వెళ్లే పగుళ్లు గమనించండి.

గోదాము నేలలు మామూలు ఇంటి నేల కంటే ఎన్నో రెట్లు బరువుకు కట్టినవి. ఆ మాట విని ధైర్యపడిపోకండి. ఆఫీసుగా కట్టిన భవనానికి అది వర్తించదు. వందేళ్లలో ఎవరు ఏ దూలం కోశారో కూడా తెలియదు. గోడంత పుస్తకాల అర, రాతి బాత్‌టబ్ లాంటివి పెట్టే ఉద్దేశం ఉంటే ముందే ఇంజనీర్‌కు చెప్పండి.

5. ఇప్పుడు ఫ్లాటులోకి రండి, ఒక్కసారి కాదు

పని రోజు ఉదయం, పని రోజు రాత్రి, ఆదివారం మధ్యాహ్నం. ఈ మూడూ వేర్వేరు ఊళ్లలా ఉంటాయి. వ్యాపార కేంద్రంలో పగలు కాలు పెట్టడానికి చోటుండదు, రాత్రి ఎనిమిదింటికి షట్టర్లు పడి వీధి ఖాళీ అవుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి చెత్త లారీలు, సరుకు లారీలు వస్తాయి. ఆదివారం పాల ప్యాకెట్టు దొరికే కొట్టు ఎంత దూరంలో ఉందో నడిచి చూడండి.

వెలుతురు సంగతి. ఈ భవనాలు లోతుగా ఉంటాయి, కిటికీలు ఒకటి రెండు పక్కలే ఉంటాయి. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా పగటి వెలుతురు బాగా వస్తుందని ఆర్కిటెక్టుల మోటు లెక్క. 12 అడుగుల ఎత్తులో ఉంటే 25, 30 అడుగుల లోపలికి. అది దాటాక పగలు కూడా లైటు వేసుకోవాలి. వెనకవైపు బెడ్‌రూమ్ అని చూపించే గదికి కిటికీ లేకపోతే చాలా చోట్ల చట్టం దాన్ని బెడ్‌రూమ్ అనదు.

పక్క గోడ కిటికీల దగ్గర ఇంకో చిక్కుంది. ఆ గోడ సరిగ్గా హద్దు మీదే ఉంటే, పక్క స్థలంలో రేపు కొత్త భవనం లేచినప్పుడు ఆ కిటికీలు మూసేయాల్సి రావచ్చు. పక్కన పార్కింగ్ స్థలమో, రెండంతస్తుల పాత కొట్టో ఉంటే అక్కడ ఎంత ఎత్తు కట్టనిస్తారో మునిసిపల్ ఆఫీసులో కనుక్కోండి. ఆ కిటికీల వెలుతురు చూసి ధర ఎక్కువ పెట్టొద్దు.

శబ్దం విషయంలో టెన్షన్ పడాల్సింది వీధి గురించి మాత్రమే కాదు. చెక్క నేల గుండా పైవాళ్ల అడుగుల చప్పుడు నేరుగా దిగుతుంది. దూలాలు కనబడేలా సీలింగ్ తీసేసిన చోట ఆపేది ఏమీ ఉండదు. మీరు కింద నిలబడి, పైన ఎవరినైనా నడవమనండి. నిద్రకు ఇబ్బంది లేకుండా బెడ్‌రూమ్‌లో నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో చెప్పింది. వీధి చప్పుడుకు మందు ఉంది. పాత కిటికీ మార్చనివ్వకపోయినా, లోపలివైపు 100 మిల్లీమీటర్లో ఇంకాస్త ఎక్కువో ఖాళీ వదిలి రెండో అద్దం బిగిస్తే చాలా తగ్గుతుంది, వేడి చలి కూడా ఆగుతాయి. పైవాళ్ల అడుగులకు మీ వైపు నుంచి చేయగలిగింది తక్కువ.

ఎత్తు సీలింగ్ కింద చలికాలంలో వెచ్చటి గాలి పైకి పోయి అక్కడే ఉండిపోతుంది, మెజనైన్ మీద ఉక్కపోస్తుంటే కింద కాళ్లు గడ్డకడతాయి. ఎండాకాలంలో పడమటి గాజు గది మొత్తాన్ని కాచేస్తుంది. మాటలు వద్దు, గడిచిన 12 నెలల కరెంటు, గ్యాసు బిల్లులు చూపించమనండి.

6. కొలిచి, అసోసియేషన్ పుస్తకాలు చూసి, అప్పుడు ధర

లేజర్ మీటరుతో కార్పెట్ ఏరియా మీరే కొలవండి. మెజనైన్, లావు స్తంభాలు, నాలుగడుగుల ఎత్తున్న మూల, ఉమ్మడి కారిడార్‌లో వాటా అన్నీ కలిపి ‘విశాలం’ అని రాసే ప్రకటనలు తక్కువేమీ కావు.

అసోసియేషన్ మీటింగుల మినిట్స్ మూడేళ్లవి తెప్పించుకోండి. ‘పైకప్పు లీకేజీ’, ‘లిఫ్ట్’, ‘గోడ మరమ్మతు వాయిదా’ అనే మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే ఆ పని రేపు మీ నెత్తిన పడుతుంది. నిధిలో ఎంత ఉందో, ఆ పనికి ఎంత కావాలో పక్కపక్కన పెట్టి, లోటును ఫ్లాట్ల మధ్య పంచి చూడండి. ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగడం న్యాయమే. కింది అంతస్తులు వ్యాపారాలవైతే వాళ్ల ఓట్లు ఎన్ని, లిఫ్ట్ ఖర్చులో వాళ్ల వాటా ఎంత, హోటల్ పొగగొట్టం ఏ కిటికీ పక్కగా పోతుంది అనేవి నియమావళిలో చదవండి.

7. అగ్రిమెంటు

అడ్వాన్సు ఇచ్చేది ఇవన్నీ చూశాకే. ఏదైనా ఇంకా మిగిలి ఉంటే, ఇంజనీర్ నివేదిక, పర్యావరణ పరీక్ష, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లోను మంజూరు సరిగా రాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించండి. ‘వేరేవాళ్లు కూడా చూస్తున్నారు, రేపటికల్లా చెప్పండి’ అని తొందరపెడితే వదిలేయండి. వందేళ్లు నిలబడ్డ భవనం ఇంకో పది రోజులు నిలబడుతుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు ఆఖరిసారి వెళ్లి ప్రతి కిటికీ తెరిచి మూయండి, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి పై అంతస్తులో ధార ఎలా ఉందో చూడండి, మీటర్ల ఫోటోలు తీసుకోండి, అనుమతి పత్రాల అసలు కాపీలు చేతికి తీసుకోండి. చేరాక డబ్బు పెట్టే వరస కూడా ఇలాగే ఉంటుంది: ముందు లీకేజీ, తర్వాత వైరింగ్, తర్వాత కిటికీలు. కొత్త కిచెన్‌కు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం గడవనివ్వండి. గదిలో ఏ మూల ఏ వేళ వెలుతురు వస్తుందో, ఏ మూల చలిగా ఉంటుందో అప్పటికి తెలుస్తుంది. స్టవ్వు ఎక్కడ పెట్టాలో, మంచం ఎక్కడ వేయాలో దాన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు.